చెట్టు పాముల వ్యాపారంలో 'ఫారం' ముసుగు
2024 నిబంధనలతో యజమాని లెక్క తేలినా పాము పుట్టుకపై నీలినీడలు

న్యూఢిల్లీ: విదేశీ జంతువులను ఇళ్లలో పెంచుకునే మోజు భారత నగరాలకు పాకిన నేపథ్యంలో వాటి రిజిస్ట్రేషన్‌ను కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో తప్పనిసరి చేసింది. అంతర్జాతీయ ఒడంబడిక 'సైటిస్' జాబితాల్లో ఉండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలు కిందకు వచ్చే ప్రాణులకు ఈ నిబంధనలు వర్తిస్తాయి. దీంతో ఏ పాము ఎవరి ఇంట్లో ఉన్నదీ ప్రభుత్వానికి తెలిసే ఏర్పాటు జరిగింది. అయితే ఆ పాము ఫారంలో గుడ్డు పగిలి పుట్టిందా, అడవిలో పట్టుబడి ఫారం పేరుతో అమ్ముడుపోయిందా అన్న అసలు ప్రశ్నకు మాత్రం సమాధానం కొనుగోలుదారు చేతిలోని కాగితంలో దొరకడం లేదు.

ఇందుకు గ్రీన్ ట్రీ పైథాన్ అనే ఆకుపచ్చ కొండచిలువ చక్కని ఉదాహరణ. న్యూగినీ, దాని చుట్టుపక్కల దీవులు, ఆస్ట్రేలియాలోని కేప్ యార్క్ ద్వీపకల్పం దీని స్వస్థలాలు. పగలంతా కొమ్మపై చుట్టలు వేసుకుని, తలను వాటి నడుమ ఆనించి కదలకుండా ఉంటుంది. పిల్లలుగా పసుపు లేదా ఇటుక ఎరుపు రంగులో ఉండి, ఎదిగే కొద్దీ పచ్చగా మారుతుంది. ఈ అందమే దానికి ముప్పుగా పరిణమించింది.

తేలని లెక్కలు

ఇండొనేషియాలోని మలుకు, పపువా ప్రాంతాల పాముల వ్యాపారులను 2009 ఆగస్టు నుంచి 2011 ఏప్రిల్ వరకు పరిశీలించిన ఇద్దరు శాస్త్రవేత్తలు, అడవి నుంచి అక్రమంగా పట్టి తెచ్చిన 4,227 ఆకుపచ్చ కొండచిలువలను లెక్కించారు. ఆ దేశం నుంచి ఏటా ఎగుమతి అయ్యే ఈ జాతి పాముల్లో కనీసం 80 శాతం ఇలా వచ్చినవేనని వారు అంచనా వేశారు. ఎగుమతి పత్రాల్లో మాత్రం ఇవన్నీ 'ఫారంలో పుట్టినవి'గానే నమోదయ్యాయి. పాములను పట్టడం ఎక్కువగా సాగిన బియాక్ దీవిలో వాటి సంతతిపై దుష్ప్రభావం కనిపించినట్లు కూడా ఆ అధ్యయనంలో వెల్లడయింది.

ఈ దందాకు మూలం ఖర్చుల లెక్కలో ఉంది. ఈ జాతి ఆడ పాము సంతానోత్పత్తి వయసుకు రావడానికి సహజ పరిస్థితుల్లో సుమారు మూడున్నరేళ్లు పడుతుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు సన్నగా, నాజూకుగా ఉంటాయి. అడవిలో చిన్న బల్లులను తిని బతికే ఈ పిల్లలకు ఫారంలో ఎలుక పిల్లలను తినడం అలవాటు చేయడానికి ఎంతో ఓపిక కావాలి. ఇన్నేళ్ల మేత, కూలి, నష్టం భరించడం కంటే గ్రామస్థుడికి కొద్ది సొమ్ము ముట్టజెప్పి అడవి పామును తెప్పించుకోవడమే వ్యాపారికి చౌక. ఆపైన ఫారం ముద్ర పడితే అక్రమ సరకు సక్రమమైపోతుంది. కొండచిలువ జాతులన్నీ సైటిస్ జాబితాలకు ఎక్కినవే. కాని ఎగుమతి దేశం ఇచ్చే అనుమతి పత్రం ఎంత నిజమో, ఆ ఒడంబడిక అమలు కూడా అంతే.

ఫారంలో పొదిగిన గుడ్ల పెంకులను భద్రపరిచి తనిఖీకి చూపాలని, పెంకుల సంఖ్యకు మించి పాములను ఎగుమతి చేయనివ్వరాదని ఆ అధ్యయనమే ఒక మార్గం సూచించింది. కాగితాన్ని సృష్టించినంత తేలికగా పెంకును సృష్టించలేరన్నది ఇందులోని కీలకం.

భారత్‌లో పరిస్థితి

విదేశీ జంతువులున్నవారు ఆరు నెలల్లోగా స్వచ్ఛందంగా వెల్లడిస్తే ఎలాంటి పత్రాలూ అడగబోమని కేంద్రం 2020 జూన్‌లో ప్రకటించింది. దేశంలో ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడమే దాని ఉద్దేశమైనా, పుట్టుక గురించిన ప్రశ్నను ఆ పథకం పక్కన పెట్టింది. 2022 చట్ట సవరణ, 2024 నిబంధనలు ఆ వెసులుబాటుకు తెర దించి, జననం, మరణం, చేతులు మారడం వంటి ప్రతి మార్పునూ నమోదు చేయాలన్నాయి. దేశవాళీ పాముల సంగతి వేరు. వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో రక్షణ పొందిన వాటిని పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం.

చట్టం బిగిసినా విమానాశ్రయాల్లో పట్టివేతలు ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి చెన్నైకి వచ్చిన ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికాయి. 2024 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నుంచి బెంగళూరు చేరిన ప్రయాణికుడి వద్ద 10 పసుపు అనకొండలు బయటపడ్డాయి. 2025 జూన్‌లో థాయిలాండ్ నుంచి ముంబయికి వచ్చిన ప్రయాణికుడి సామానులో 44 ఇండొనేషియా పిట్ వైపర్లు ఉండటం మరింత ఆందోళనకరం. ఇవి చెట్లపై తిరిగే విషసర్పాలు. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలను దృష్టిలో ఉంచుకుని రూపొందింది. విదేశీ సర్పం కాటేస్తే ఆ మందుపై భరోసా పెట్టుకోలేం.

కొనేవారి బాధ్యత

చట్టబద్ధంగా కొనదలచినవారు ధర కంటే ముందు చూడవలసింది పాము చరిత్ర. దిగుమతి లైసెన్సు, సైటిస్ పత్రంతోపాటు గుడ్డు పొదిగిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు, మేత తిన్న రోజుల నమోదు అడగాలి. పాము మేత తీసుకోవడాన్ని కళ్లారా చూడాలి. అడవిలో పట్టినవి తరచూ పరాన్నజీవులతో, నోటి గాయాలతో వస్తాయి. కొత్త చోట మేత ముట్టక కొన్ని చనిపోతాయి. పిల్ల పాము రంగును బట్టి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పలేమన్నదీ గుర్తుంచుకోవాలి.

పెంపకం కూడా తేలిక కాదు. అడ్డంగా అమర్చిన గట్టి కొమ్మలు, పెట్టెలో ఒక వైపు 30 డిగ్రీలకు దగ్గరగా వెచ్చదనం, మరో వైపు కొంత చల్లదనం, గాలి ఆడుతూనే తగ్గని తేమ అవసరం. వానలతో తడిసే అడవుల్లో పుట్టిన ఈ ప్రాణికి, మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల కరెంటు పోతే ప్రాణగండమే. చేతుల్లోకి తీసుకుని ఆడించడానికి ఇది తగిన పాము కాదు. పైగా 15 నుంచి 20 ఏళ్లు బతకగలదు.

రిజిస్ట్రేషన్ నిబంధనలు అవసరమైనవే అనడంలో సందేహం లేదు. కాని అవి వ్యాపారపు చివరి మెట్టును మాత్రమే చూస్తున్నాయి. ఎగుమతి చేసే దేశంలోని ఫారం సామర్థ్యానికి, అది పంపే పాముల సంఖ్యకు పొంతన ఉందో లేదో దిగుమతి అనుమతికి ముందే సరిచూడకపోతే, అడవిలో దొంగిలించిన పాముకు భారత్ పోర్టల్‌లో నంబరు దక్కుతుంది. అప్పుడు నిజాయితీగా ఫారం నడిపేవారికి గిట్టుబాటు ఉండదు, నిజాయితీగా కొన్నవారికి ధీమా ఉండదు.