బ్రష్షు ఒక్కటే చాలదు



బడుల్లో దంత శిబిరాలపై గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ‘సీలెంట్లు డబ్బున్నవాళ్ల ముచ్చట, బడిపిల్లలకు బ్రష్షు, పేస్టు ఇస్తే చాలు’ అన్న రచయిత మాట ఒప్పుకోలేను.

దవడ పళ్ల మీది గాడులు కొన్ని బ్రష్షు పోగు కన్నా సన్నం. ఎంత తోమినా బ్రష్షు అడుక్కి దిగదు. పిల్లల పళ్లు పుచ్చేది ఎక్కువగా అక్కడే. ఆ గాడుల్ని పూతతో మూసేయడమే సీలెంట్. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు. పన్ను శుభ్రం చేసి, కాసేపు యాసిడ్ జెల్ పెట్టి, కడిగి, ఆరబెట్టి, పూత వేసి నీలికాంతితో గట్టిపరుస్తారు. గండమల్లా ఉమ్మితోనే. ఆరిన పంటికి తడి తగిలితే పూత నిలవదు. డాక్టరు ఒక్కరే వెళ్తే కాదు, దూది పెట్టి నాలుకను పక్కకు పట్టే సహాయకులు కావాలి.

రెండేళ్లపాటు దవడ పళ్ల పుచ్చును సీలెంట్లు సుమారు 80 శాతం ఆపుతాయని అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ చెబుతోంది. అక్కడ బడుల్లో సీలెంట్లు వేసే కార్యక్రమాలు ఎక్కువగా పేదపిల్లలు చదివే చోటే జరుగుతాయి. ముచ్చటెక్కడిది?

ఆరేళ్లకు పాలపళ్ల వెనక వచ్చే దవడ పన్ను జీవితాంతం ఉండాల్సింది. అదీ పాలపన్నే అనుకుని, ‘ఎలాగూ ఊడేదేగా’ అని తల్లిదండ్రులు వదిలేస్తారు. అందుకే రెండో తరగతిలో ఒకసారి, రెండో దవడ పళ్లొచ్చే ఏడో తరగతిలో మరోసారి వేయాలి.

పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన ఆర్‌బీఎస్‌కే బృందాలు ఎలాగూ బడులకొచ్చి పళ్లు చూస్తున్నాయి. డెంటల్ కాలేజీలను ప్రభుత్వం వాటికి జతచేయాలి. ఏడాదిలోపు మళ్లీ వచ్చి పూత ఊడిందేమో చూడని శిబిరం మాత్రం ఫొటోలకే పనికొస్తుంది.

– ఒక దంతవైద్యురాలు, వరంగల్