మూటగుడ్డ చెప్పు చరిత్ర

చరిత్ర యనగానే విద్యార్థులకు జ్ఞప్తికి వచ్చునవి రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు. నిత్యము వాడుకలో నుండు వస్తువులకును చరిత్ర కలదని బోధించుట అరుదు. జపానీయుల మూటగుడ్డ యైన ‘ఫురోషికి’ అట్టి వస్తువులలో నొకటి. అది ఇంచుమించు చదరమైన వస్త్రము. ముడివేసిన మూట, విప్పిన గుడ్డ.

దీని పూర్వరూపములు 8వ శతాబ్దినాటికే కలవు. షోము చక్రవర్తి గతించిన 756లో, కోమ్యో మహారాణి ఆయన వస్తువులను నారా నగరమందలి తోదాయిజీ బౌద్ధాలయమునకు సమర్పించెను. అవి చేరిన షోసోయిన్ కోశాగారము నేటికిని నిలిచియున్నది. అచ్చటి నిధులను చుట్టియుంచిన గుడ్డలును మిగిలియున్నవి. వానిని ‘త్సుత్సుమి’ అనిరి. చుట్టునది యని యర్థము. తరువాతి హెయాన్ యుగమున దుస్తులు చుట్టు గుడ్డకు ‘కోరోమో త్సుత్సుమి’ యను పేరు కలిగెను.

ఇక ‘ఫురో’ యనగా స్నానము, ‘షికి’ యనగా పరచునది. షోగున్ అషికాగా యోషిమిత్సు (1358–1408) స్నానశాలలో ప్రభువులు తమ దుస్తులు తారుమారు కాకుండ వంశచిహ్నములు గల గుడ్డలలో చుట్టిరని ఐతిహ్యము. 1616లో తొకుగావా ఇయెయాసు మరణించిన పిదప వ్రాసిన వస్తువుల పట్టికలో ‘ఫురోషికి’ యను మాట కనబడుచున్నది. ఎదో యుగమున సామాన్యులు స్నానశాలకు దుస్తులను అందు మూటగట్టి కొనిపోయిరి. వర్తకులు సరకులు మోసిరి.

కోశాగారమును మాత్రమే చూచువారికి ఈ గుడ్డ రాజమందిరమున పుట్టినదని తోచవచ్చును. అట్లు తలచుట పొరపాటు. ఆనాటి సామాన్యుడు మూట కట్టలేదని యెవరనగలరు? అతని గుడ్డ వాడుకలో చిరిగి పోయినది. దానిని దాచుటకు కోశాగారము లేదు. ‘ఫురోషికి’ యను పేరు సైతము పాలకుని పట్టికలోనే దొరకుట గమనింపదగినది. దాచినవారి చరిత్ర నిలిచినది, వాడినవారిది అరిగినది. నిలిచినదే సర్వమని బోధించినచో, అరిగినదానికి అన్యాయము జరుగును.

ప్లాస్టిక్ సంచుల వాడుక తగ్గించుటకై 2006లో జపాను పర్యావరణమంత్రి కోయికే యురికో ఈ గుడ్డనే మరల ప్రచారము చేసెను. అది మంచిదే. అయినను, తరగతి బల్లపై ఒక పాత గుడ్డ పరచి, “దీని నెవరు దాచిరి? ఎవరు వాడిరి?” అని ఉపాధ్యాయుడడిగినచో, చరిత్ర పాఠమునకు అంతకంటె మంచి యారంభ ముండబోదు.