పటాలంలో చేరాక దొరికిన పరుగు

స్టీపుల్‌చేజ్ అనే పరుగు పందెం సంగతి పల్లెల్లో ఎరిగినవారు తక్కువ. దూరం 3,000 మీటర్లు. దారిలో 28 సార్లు అడ్డుదుంగ దాటాలి. మరో 7 సార్లు దుంగ దాటి నీటిగుంట మీదుగా దూకాలి. మగవారికి దుంగ ఎత్తు 3 అడుగులు. హర్డిల్స్ పందెంలో వలె కాలు తగిలితే పడిపోయే రకం కాదు, పడేది మనిషే. గట్లు, కాలువలు దాటి బడికి పోయే పిల్లలకు ఇదేమంత కొత్త విద్య కాదు. అయినా ఈ పందెంలో దేశానికి పేరు తెచ్చిన అవినాశ్ సాబ్లే ఇందులో అడుగుపెట్టేసరికి అతనికి 22 ఏళ్లు.

సాబ్లేది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా, మాండ్వా గ్రామం. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో తెలంగాణతో కలిసి వున్న జిల్లాయే అది. కరువు నేల. తల్లిదండ్రులు రైతులు. బడి 6 కిలోమీటర్ల దూరం, నడిచో పరుగెత్తో పోవలసిందే. పన్నెండో తరగతి కాగానే సైన్యంలో చేరి సియాచిన్ మంచులో, రాజస్థాన్ ఎడారిలో పనిచేశాడు. 2015లో సైన్యంలోనే క్రాస్‌కంట్రీ పందాలకు దిగాడు. 2017లో శిక్షకుడు అమ్రీష్ కుమార్ అతన్ని స్టీపుల్‌చేజ్‌కు మళ్లించాడు. మరుసటి ఏడాదే భువనేశ్వర్‌లో 8 నిమిషాల 29.80 సెకన్లలో పరుగు ముగించి, 1981 నాటి గోపాల్ సైనీ జాతీయ రికార్డును చెరిపివేశాడు.

ఆ 37 ఏళ్లూ దేశంలో అంత దమ్మున్న పిల్లలే పుట్టలేదా? పుట్టే వుంటారు. వెతికినవారు లేరు.

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కెన్యా వీరుడు అబ్రహాం కిబివోట్ వెనుక సాబ్లే రెండవవాడిగా వచ్చాడు. తేడా సెకనులో 100వ వంతులు 5 మాత్రమే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. 2024 జూలైలో పారిస్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లకు రికార్డును తగ్గించాడు. ఆగస్టులో అక్కడే ఒలింపిక్ ఫైనల్ పరుగెత్తి 11వ స్థానంలో నిలిచాడు. 2025 జూలైలో మొనాకోలో నీటిగుంట దగ్గర పడి మోకాలు దెబ్బతిన్నది. శస్త్రచికిత్స చేయవలసివచ్చింది. అప్పటికి వయసు 30. చేతిలో వున్నవి 8 ఏళ్లు. 14వ ఏట ఎవరైనా గుర్తించి వుంటే ఎంత కాలం కలిసివచ్చేదో లెక్క కట్టుకోవచ్చు.

మన జిల్లాలోనూ తెల్లవారకముందే రోడ్ల వెంట కుర్రాళ్లు పరుగెత్తుతుంటారు. అది సైన్యం, పోలీసు ఎంపికల్లో పెట్టే 1,600 మీటర్ల కోసం. ఉద్యోగం రాకుంటే ఆ బూట్లు అటకెక్కుతాయి. అందులో ఎవరి ఊపిరి ఎంతటిదో కొలిచిన నాథుడు లేడు. మండల క్రీడోత్సవాల్లో కబడ్డీ, ఖోఖోలకు దొరికే ఆదరణ దూరపు పరుగుకు దక్కదు. హైస్కూలు ఆవరణలో ఒక మొద్దు నిలబెట్టి, గుంట తవ్వి, గడియారం చూసి కాలం రాసిపెట్టడానికి ఏ నిధులూ అక్కరలేదు. వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం కావాలి. ఆ పోస్టు ఖాళీగా వున్న పాఠశాలల సంగతి విద్యాశాఖ అధికారులు ముందుగా చూడాలి.