మన వంతు అమ్మే హక్కు ఎవరిది?

పోయిన వేసవి సెలవుల్లో మేమూ మా పక్కింటివాళ్ళూ కలిసి నగరం అంచున ఉన్న ఒక వినోద పార్కుకి వెళ్ళాం. ఆ పార్కు పేరు చెప్పను. ఇది ఒక్క పార్కు సంగతి కాదు. పైగా ఈ కథలో తప్పు నాది.

పక్కింటాయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాడు. ఆయన కూతురూ మా అమ్మాయీ ఒకే స్కూలు, ఒకే ఆటో. ఆ రోజు కోసం ఆయన జీతం కోత పెట్టుకుని సెలవు తీసుకున్నాడు. పొద్దున్నే ఉప్పల్ రింగు రోడ్డు దాకా ఆటోలో వెళ్ళి, అక్కణ్ణుంచి మాట్లాడుకున్న బండిలో బయల్దేరాం. ఏ రైడ్ ముందు ఎక్కాలో ఏది చివరికి ఉంచుకోవాలో పిల్లలిద్దరూ దారి పొడుగునా ఒక కాగితం మీద రాసుకున్నారు.

కౌంటర్ దగ్గర మామూలు టికెట్ పక్కనే ఇంకో ధర ఉంది. అది కడితే లైన్లో నిలబడే పని లేదు, వేరే దారిలో నేరుగా వెళ్ళి ఎక్కేయొచ్చు. ఎండ మండిపోతోంది. మా ముగ్గురికీ అదే తీసుకున్నాను. మీకూ తీసుకోనా అని ఆయన్ని అడిగాను.

"వద్దన్నా. టికెట్లకే శానా అయినయ్."

డబ్బులు నేను పెడతానన్నాను. "ఏ, వద్దన్నా. నిలబడ్తం, ఏమైతది" అన్నాడు. ఆ 'వద్దు'లో ఉన్న అభిమానం నాకు అర్థమైంది. అర్థమయ్యి కూడా, ఇంకోసారి అడగకుండా లోపలికి నడిచాను.

మొదటి రైడ్ దగ్గరే దారి రెండుగా చీలింది. పిల్లలు చేతులు పట్టుకుని వచ్చారు. చేతికి కట్టిన పట్టీలు చూసే కుర్రాడు మా అమ్మాయిని ఇటు, ఆ పిల్లని అటు పంపించాడు. వాడి తప్పేం లేదు, వాడి ఉద్యోగం అది. సాయంత్రానికి మేం తొమ్మిది రైడ్లు ఎక్కాం. వాళ్ళు నాలుగు. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల అడిగింది, "మీరెన్ని ఎక్కిండ్రు?" అని. మా అమ్మాయి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "మేం కూడా నాలుగే" అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల అబద్ధం ఎందుకు చెప్పింది? తప్పేం లేని చోట పిల్లలు అబద్ధం చెప్పరు. ఆ రోజు నేను డబ్బిచ్చి కొన్న వస్తువు ఏమిటి అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. "సమయం కొన్నావు" అంటారు స్నేహితులు. సరే, మరి ఎవరి సమయం?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక రైడ్‌లో ఒక్కసారికి 24 మంది పడతారు, ఐదు నిమిషాలకొక ట్రిప్పు అనుకుందాం. గంటకి 288 మంది. మీ ముందు 288 మంది ఉంటే మీకు గంట పడుతుంది. ఇప్పుడు ప్రతి ట్రిప్పులో 8 సీట్లు ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళకి పోతాయి అనుకోండి. మామూలు లైనుకి మిగిలేవి 16. గంటకి 192 మంది. అవే 288 మంది తరిగేసరికి గంటన్నర. ఆ అరగంట మీ దగ్గర్నుంచి పోయింది. మీరెక్కడా సంతకం పెట్టలేదు, మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆ ఎనిమిది మంది ఎలాగూ లైన్లో ఉండేవాళ్ళే కదా అనొచ్చు. ఉండేవాళ్ళే, కానీ మీ తర్వాత వచ్చినవాళ్ళు మీ వెనక ఉండేవాళ్ళు. అంతేకాదు, లైన్లో నిలబడేవాడు రోజుకి నాలుగు ఎక్కగలిగితే, నిలబడనివాడు మాలాగా తొమ్మిది ఎక్కుతాడు. అంటే ఒక్కడే ఇద్దరు మనుషుల చోటు తీసుకుంటాడు.

ఈ లెక్కల శాస్త్రం కొత్తదేం కాదు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఆయన 1909లో కాల్స్ రద్దీ గురించి రాసిన పేపరుతో మొదలైంది. అందులో మనలాంటివాళ్ళకి కావలసిన సూత్రం ఒక్కటే. యంత్రం సామర్థ్యం పెరగనంత కాలం, ఒకరు ఆగే సమయం తగ్గితే ఇంకొకరిది పెరిగి తీరాలి. పార్కు వాళ్ళు నాకోసం కొత్త రైడ్ కట్టలేదు, ఉన్నదాన్ని ఇంకా వేగంగా తిప్పలేదు. నాకు అమ్మింది మా పక్కింటాయన మధ్యాహ్నాన్ని. ఆ మధ్యాహ్నానికి ఆయన తన జీతంలోంచి ఒకసారి, టికెట్ రూపంలో ఇంకోసారి డబ్బు కట్టి ఉన్నాడు.

"మరి స్టేడియంలో ఖరీదైన టికెట్లు లేవా?" అంటారు. ఉన్నాయి. మా ఉప్పల్ స్టేడియంలోనే చూడండి. ఒకరు కార్పొరేట్ బాక్సులో ఏసీలో కూర్చుంటారు, ఒకరు స్టాండులో చెమటలు కక్కుతూ కూర్చుంటారు. నాకు దానితో పేచీ లేదు. బాక్సులో ఆయన నా సీటు తీసుకోలేదు. సిక్సర్ కొడితే ఆ బంతి ఇద్దరికీ ఒకేసారి కనిపిస్తుంది. స్టాండులో ఉన్నవాళ్ళకి ప్రతి మూడో బంతీ చూపించకుండా తెర దించితే ఎలా ఉంటుంది? లైను దాటించే టికెట్ అలాంటిది. మంచి భోజనం అమ్ముకోండి, నీడలో కుర్చీ అమ్ముకోండి, వాటిలో పక్కవాడిది ఏదీ పోదు. వంతు అలాంటిది కాదు. అది ఒకరి దగ్గర తీస్తేనే ఇంకొకరికి ఇవ్వగలం.

నేను నాచారంలోనే పెరిగాను. నల్లా దగ్గర బిందెల లైను, కంట్రోల్ దుకాణం ముందు సంచుల లైను నాకు తెలుసు. మనిషి లేకపోయినా బిందె నిలబడేది. బిందె మీద గీతో, మెడకి కట్టిన గుడ్డ పీలికో చూసి ఎవరిదో చెప్పేవాళ్ళు. ముందుకి జరిపితే పెద్ద గొడవ. అలాగని ఆ లైనుకి దయ లేదా? కడుపుతో ఉన్నామె వస్తే జరిగేవాళ్ళు. ఇంట్లో చావు జరిగిందంటే మొదటి నాలుగు బిందెలు వాళ్ళవే. ముసలమ్మ బిందె ఎవరో ఒకరు పట్టి ఇంటి దాకా మోసేవాళ్ళు. ఇలా లైను దాటినవాళ్ళందరికీ ఒక అవసరం ఉండేది, దాన్ని లైన్లో ఉన్నవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు. వంతు ఇచ్చేది వంతు ఉన్నవాళ్ళే. నల్లా తిప్పేవాడు పది రూపాయలు తీసుకుని ఎవరి బిందెనో ముందు పెడితే దాన్ని మేం లంచం అనేవాళ్ళం. ఇప్పుడు దానికి బిల్లు ఇస్తున్నారు, అంతే తేడా.

సినిమా హాలు దగ్గర బ్లాక్‌లో టికెట్లు అమ్మేవాళ్ళు గుర్తున్నారా? పోలీసులు వచ్చి లాఠీలతో తరిమేవాళ్ళు. నిజానికి వాళ్ళలో చాలామంది తెల్లారగట్ల లేచి లైన్లో నిలబడి, చొక్కాలు చించుకుని, తమ వంతుని తామే సంపాదించి అమ్మేవాళ్ళు. ఈ కంపెనీలు లైన్లో నిలబడను కూడా నిలబడవు.

ఇంకో వాదం ఉంది, కాస్త గట్టిది. పనిలో తీరిక లేనివాళ్ళకి సమయం విలువైనది, అందుకే ఎక్కువ కడతారు అని. నేనూ అలాగే అనుకుని కట్టాను. కానీ నాకు శని, ఆదివారాలు సెలవు. ఆ ఏడాది నేను మళ్ళీ ఆ పార్కుకి వెళ్ళాలనుకుంటే వెళ్ళగలను. మా పక్కింటాయనకి పిల్లతో గడిపే అలాంటి రోజు ఏడాదికి ఒక్కటి. ఆ ఒక్క రోజులో గంట ఎవరికి ఎక్కువ ఖరీదు? ధర చెప్పేది ఎవరి జేబులో ఎంత ఉందో మాత్రమే. ఎవరికి ఎంత అవసరమో దానికి తెలియదు.

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. గొడుగులు అమ్మేవాడికి వాన కావాలి. లైను లేకపోతే లైను దాటించే టికెట్ ఎవరూ కొనరు. లైను పొట్టిగా ఉంచాల్సినవాడికే లైను పొడుగ్గా ఉంటే లాభం వస్తే ఏమవుతుందో డిస్నీ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1999లో వాళ్ళు ఫాస్ట్‌పాస్ అని మొదలుపెట్టారు. అది ఉచితం. గేటు టికెట్ ఉన్న ఎవరైనా ఒక చీటీ తీసుకుని, అందులో వేసిన సమయానికి వచ్చి ఎక్కొచ్చు. 2021లో దాన్ని ఎత్తేసి, ఫ్లోరిడా పార్కుల్లో రోజుకి 15 డాలర్లతో జీనీ ప్లస్ తెచ్చారు. 2024లో ప్రీమియర్ పాస్ వచ్చింది. రద్దీ రోజుల్లో దాని ధర మనిషికి 400 డాలర్లు దాటింది. పాతికేళ్ళు గడిచేసరికి, అందరికీ ఇచ్చిన సదుపాయం కొందరికి అమ్మే సరుకైంది. మన దేశంలో వండర్లా లాంటి పార్కుల్లోనూ ఫాస్ట్‌ట్రాక్ టికెట్లున్నాయి. పేరేదైనా సరుకు అదే.

హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ 2012లో రాసిన 'వాట్ మనీ కాంట్ బై' మొదటి అధ్యాయమే ఈ లైను దాటడం గురించి. కొన్ని పార్కులు ఎక్కువ కట్టినవాళ్ళని వెనక దారిలో తీసుకెళ్తాయని అందులో చెప్తాడు, లైన్లో ఉన్నవాళ్ళ కళ్ళబడకుండా. సిగ్గుపడాల్సిన పని అని అమ్మేవాళ్ళకీ తెలుసన్నమాట. మా అమ్మాయికి తెలిసినట్టే.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "దేవుడి దగ్గరే ఉంది కదండీ, పార్కుని ఎందుకు అంటారు?" అని. నిజమే. ఉప్పల్ రింగు రోడ్డులో యాదగిరిగుట్ట బస్సెక్కేవాళ్ళంతా ఒకే బస్సులో వెళ్తారు. గుట్ట మీద ఉచిత దర్శనం వేరు, 150 రూపాయల ప్రత్యేక దర్శనం వేరు. తిరుమలలో 300 రూపాయల టికెట్ ఉంది, శ్రీవాణి ట్రస్టుకి 10,000 రూపాయల విరాళమిస్తే బ్రేక్ దర్శనం ఉంది. సర్వదర్శనం వాళ్ళు కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చుంటారు. ఆ డబ్బు మంచి పనులకే వెళ్తుందనుకుందాం. అయినా ఆ కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాళ్ళ సమయాన్ని కూడా విరాళం ఖాతాలో రాయాలి కదా, ఎవరు రాస్తున్నారు? గుడి ముందు చేసిందని పార్కు చేసింది ఒప్పయిపోదు. గుడిలో చూసి చూసి అలవాటు పడిపోయాం కాబట్టే పార్కులో మనకి కోపం రావట్లేదు, అంతే.

మనం కలిసి నిలబడే చోట్లు తగ్గిపోతున్నాయి. ఒకప్పుడు నాచారంలో ఆఫీసరు కొడుకూ ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకూ ఒకే బళ్ళో చదివారు, ఒకే దవాఖానలో సూది వేయించుకున్నారు. ఇప్పుడు స్కూళ్ళు వేరు, ఆస్పత్రులు వేరు, గేటెడ్ కాలనీలు వేరు. 2018లో పనులు మొదలై ఏళ్ళ తరబడి సాగిన ఉప్పల్ - నారపల్లి ఫ్లైఓవర్ కింద మాత్రం పెద్ద కారూ షేర్ ఆటో పక్కపక్కనే ఇరుక్కునేవి. సమానత్వం గుంతల్లోనే దొరకాలా? పిల్లలు ఆడుకునే చోట దొరకకూడదా?

పార్కుల వాళ్ళని అడిగేవి మూడే. ప్రతి రైడ్ ముందు ఒక బోర్డు పెట్టండి. ఒక్కో ట్రిప్పులో ఎన్ని సీట్లు ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళకి ఇస్తున్నారో, దానివల్ల మామూలు లైనుకి ఎన్ని నిమిషాలు పెరుగుతున్నాయో రాయండి. మామూలు టికెట్ అమ్మేటప్పుడే ఆ సంగతి చెప్పండి. ఆదాయం కావాలంటే రద్దీ లేని రోజుల్లో ధర తగ్గించి, రద్దీ రోజుల్లో అందరికీ ఒకేలా పెంచండి. ఎండలో నిలబెట్టడం ఇష్టం లేకపోతే, 1999లో డిస్నీ చేసినట్టు, సమయం వేసిన చీటీ అందరికీ ఉచితంగా ఇవ్వండి. ముసలివాళ్ళకీ వికలాంగులకీ చంటిపిల్లల తల్లులకీ వేరే దారి ఉంచండి, ఎవరూ కాదనరు. బిందెల లైన్లోనే కాదనలేదు.

దసరా సెలవులకి మళ్ళీ వెళ్దామని పిల్లలు అడుగుతున్నారు. ఈసారి అందరం ఒకే లైన్లో నిలబడతామని మా అమ్మాయికి చెప్పాను. "అయితే నాలుగే ఎక్కుతాం కదా నాన్నా" అంది. అవును. మనం నిలబడినంత మాత్రాన ఆ పక్క దారి మూసుకుపోదు. ఇంకెవరో మన అరగంట కొనుక్కుని మన పక్కనుంచే వెళ్ళిపోతారు. ఆ పార్కు బయటికి వచ్చేటప్పుడు ఫిర్యాదుల పుస్తకం ఎక్కడుందో అడుగుతాను. మా పక్కింటాయన్ని కూడా సంతకం పెట్టమంటాను. పోయిన అరగంటలు ఆయనవి.