సున్నపురాయి ఎంత కరుగును?

చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలోని ఉప్పర్వాహి పేరు సిమెంటు వ్యాపారము చేయువారికి సుపరిచితము. అంబుజా వారి మరాఠా సిమెంటు కర్మాగారము అచ్చటనే యున్నది. చేరువనున్న గడ్‌చాందూరులో మఱియొక కర్మాగారము కలదు. ఇవి అచ్చట వెలయుటకు కారణము నేల క్రింద పొరలు పొరలుగా పఱచుకొనియున్న సున్నపురాయి. భూగర్భశాస్త్రజ్ఞులు పెన్‌గంగ సున్నపురాయి యని పిలుచు నీ శిల ఇటు ఆదిలాబాదు వైపునను అటు చంద్రపూరు వైపునను సాగియున్నది. మనుష్యుల కథయు నట్టిదే. కోర్పనా చేరియున్న రాజురా ప్రాంతము 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాలో నుండి, ఆ యేట నాందేడు జిల్లాకును, 1959లో నేటి చంద్రపూరైన చాందా జిల్లాకును మాఱినది గాన, తెలుగు, మరాఠీ, గోండీ మాటలు అచ్చట నేటికిని ఒకే బావికడ వినవచ్చును.

ఈ రాయి నీటిలో ఎంత కరుగును? రసాయనశాస్త్రపు పట్టికలను తెఱచి చూచినచో, శుద్ధజలము ఒక లీటరులో, 25 డిగ్రీల వేడిమియందు, సుమారు 14 మిల్లీగ్రాములని యుండును. వంటయుప్పు అదే లీటరులో 350 గ్రాములకు పైగా కరుగునని యెఱిగిన విద్యార్థి, దీనిని కరగని పదార్థముల జాబితాలో వ్రాసికొని పుట త్రిప్పును. కాని సున్నపురాతి నేలలోని బోరింగునీటితో వంట చేయు ఇల్లాలి నడిగినచో, కందిపప్పు ఎంతసేపటికిని ఉడకకుండుటయు, సబ్బు నురగ పట్టక బట్టకు తెట్టువలె అంటుకొనుటయు, నీళ్ళు కాచు గిన్నె అడుగున తెల్లని పొర పేరుకొని గరిటెతో గీఱినను రాకుండుటయు ఏకరువు పెట్టును. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారి త్రాగునీటి ప్రమాణమే, వేఱు నీరు దొరకని చోట, లీటరుకు 600 మిల్లీగ్రాముల కఠినత వఱకు సహింపవచ్చుననుచున్నది. అది పట్టికలోని అంకెకు నలువది రెట్లకు పైమాట. కఠినతయంతయు సున్నపురాతి వలననే కలుగదు, మెగ్నీషియమునకును జిప్సమునకును అందు పాలు కలదు. ఐనను ఆ పాలు తీసివేసిన పిమ్మటను మిగులు భాగము స్వల్పము కాదు.

భేదమునకు కారణము బొగ్గుపులుసు వాయువు. పట్టికలోని 14 మిల్లీగ్రాములు ఆ వాయువు లేని నీటికి సంబంధించిన లెక్క. వాన నీరు నేలలోనికి ఇంకునపుడు, చెట్ల వేళ్ళును సూక్ష్మజీవులును విడుచు ఊపిరితో నిండిన మట్టిపొరను దాటి పోవలసియుండును. ఆ మట్టిలోని గాలియందు ఈ వాయువు పైనున్న గాలిలోకంటె పదుల రెట్లు అధికముగా నుండుట సామాన్యము. దానిని త్రాగిన నీరు స్వల్పముగా ఆమ్లగుణము పొంది, సున్నపురాతిని బైకార్బొనేటుగా మార్చి తనలో కలుపుకొనును. అదే నీటిని పొయ్యిమీద కాచినపుడు వాయువు లేచిపోవుటచే, నీరు తాను మోయలేని సున్నమును గిన్నె అడుగున దించివేయును. బొఱ్ఱాగుహలలో కప్పునుండి వ్రేలాడు రాతిఊడలను వేల యేండ్లుగా అల్లుచున్నదియు ఈ వ్యాపారమే.

సున్నపు తేటను ఎఱిగిన పాతకాలపు ఇండ్లలో ఇందులో సగము పాఠము కంటి యెదుటనే యుండెడిది. కాల్చిన సున్నమును నీటిలో విఱిచి, కలియబెట్టి, రాత్రియంతయు కదపక యుంచినచో, తెల్లవాఱుసరికి ముద్ద అడుగునకు చేరి, పైన గాజువలె తేట నిలుచును. ఆ తేటలో 20 డిగ్రీల వేడిమి కడ లీటరునకు సుమారు 1.7 గ్రాముల సున్నము కరగియుండును. మూత తీసి కొంతసేపు ఉంచినచో పైన మీగడవంటి పలుచని పొర కట్టును. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కూడి, కరగిన సున్నము తిరిగి సున్నపురాయియైన గుర్తు అది. ఆ తేటనే మరుగ కాచినచో, పంచదారకు విపరీతముగా, కరగిన సున్నములో సగమునకు పైగా అడుగు పట్టును. ఏయే వేడిమియందు, ఏ గాలి తగులుచుండగా అని చెప్పక సున్నపు కరుగుదలను ఒక అంకెతో ముగించువాఁడు సగమే చెప్పినవాఁడగును.

శాస్త్రజ్ఞులు ఈ సంగతి నెఱుగకపోలేదు. ఒక పదార్థము నీటిలో ఎంత కరుగునో కొలుచుటకు ఓ.ఇ.సి.డి. దేశములవారు 105వ సంఖ్య గల ఒక పద్ధతిని 1981లో వెలువరించి 1995లో సవరించిరి. లీటరునకు 10 మిల్లీగ్రాములకంటె తక్కువ కరుగువానికి, పదార్థమును సన్నని పూసలపై పూతగా పూసి గొట్టములో నింపి, దాని గుండ నీటిని మెల్లగా పోనిచ్చు విధానము కలదు. అంతకు మించి కరుగువానికి సీసాపద్ధతి చాలును: నీటిని నింపుటకు వలయుదానికి సుమారు అయిదు రెట్లు పదార్థమును మూడు సీసాలలో వేసి, 30 డిగ్రీల వేడిమియందు కుదుపుచు, మొదటిదానిని ఒక దినమునకును, రెండవదానిని రెండు దినములకును, మూడవదానిని మూడు దినములకును తీసి, ఒక్కొక్కదానిని 20 డిగ్రీలకు చల్లార్చి మఱియొక దినము నిలిపి, కరగని మడ్డిని వేఱుచేసి, మిగిలిన తేటలో ఎంత యున్నదో చూతురు, కడపటి రెండు సీసాల అంకెలు నూటికి పదునైదు పాళ్ళకంటె ఎడము లేనియెడల కొలతను అంగీకరింతురు. నీటి పి.హెచ్. ఎంతయో ప్రక్కన వ్రాయవలెను. మూడు సీసాలును మూడు గడువులును కాలమను సాక్షిని విచారించుటకై ఏర్పడినవి. ఒక్క సీసాతో తేల్చినచో అది కరుగుట ముగిసిన అంకెయో, దారిలోని అంకెయో తెలియదు.

ఇంత జాగ్రత్తతో తేలిన అంకె గ్రామమునకు చేరుసరికి దాని వెంట రావలసిన షరతులన్నియు రాలిపోవుచున్నవి. ఆ 20 డిగ్రీలు ఐరోపాలోని గదికి సహజమైన వేడిమి. వైశాఖములో 45 డిగ్రీలు దాటు చంద్రపూరు మండలములో బావినీరు ఏ ఋతువునందును అంత చల్లగా నుండదు.

ఫ్లోరైడు విషయమున ఈ నిర్లక్ష్యము మిక్కిలి చేటు తెచ్చినది. కాల్షియము ఫ్లోరైడు లీటరు నీటిలో 16 మిల్లీగ్రాములు మాత్రమే కరుగును గాన, దానిని కరగని ఖనిజమనియే పుస్తకములు చెప్పును. కాని ఆ 16లో దాదాపు 8 మిల్లీగ్రాములు ఫ్లోరైడు. త్రాగునీటిలో దాని హద్దు 1 మిల్లీగ్రాము, గత్యంతరము లేనిచోట 1.5. కరగదనుకొన్న రాయి ఆ 1.5 హద్దునకు సైతము అయిదు రెట్లు ఫ్లోరైడును నీటిలో కలిపి మనుష్యుని వెన్ను వంచగలదు. మన దేశమున ఫ్లోరైడు వలని ఈ వ్యాధిని షార్ట్ మొదలగు వైద్యులు 1937లో నెల్లూరు జిల్లానుండి లోకమునకు వెల్లడించిరి. పిదప నల్లగొండ పేరు దానికి పర్యాయపదమైనది. చంద్రపూరు జిల్లాలోను ఫ్లోరైడు పీడిత గ్రామములు కలవు.

ఇచ్చట ఒక వింత కలదు. నీటిలో కాల్షియము సమృద్ధిగా నున్నచో కాల్షియము ఫ్లోరైడు కరుగుదల తగ్గును. కాల్షియము తక్కువై క్షారగుణము హెచ్చిన నీటిలో ఫ్లోరైడు పెరుగును. కావున నోటికి మెత్తగా నుండి, పప్పును త్వరగా ఉడికించి, సబ్బును చక్కగా నురగెత్తించు బోరునీరే ఒక్కొక్క చోట ఎముకలకు శత్రువు కావచ్చును. సున్నపునీటిని ఆడిపోసుకొను ఇల్లాలికి ఈ మాట చెప్పువారు లేరు. అట్లని కఠినజలమెల్ల నిరపాయమనుకొనరాదు. కొలువక ఏదియు చెప్పరాదు.

నాగపూరులోని నీరీ సంస్థవారు ఫ్లోరైడు తొలగించుటకు సున్నము, పటిక, బ్లీచింగు పౌడరు కలిపి తేర్చు విధానమును కనుగొని దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అదియు కరుగుదల లెక్కపైననే నిలిచియున్నది. పటికనుండి పుట్టు అల్యూమినియము మడ్డి పి.హెచ్. 6, 7 నడుమ మిక్కిలి తక్కువగా కరుగును. సున్నము పాలు తప్పి నీరు అటో ఇటో మొగ్గినచో, ఫ్లోరైడు పోయినను అల్యూమినియము గ్లాసులోనికి దిగును. ఆసుపత్రులలో ఎక్స్‌రేకు ముందు త్రాగించు బేరియము సల్ఫేటును, ద్రవము మాఱినచో కరుగుదలయు మాఱుననుటకు నిదర్శనముగా, ఇక్కడనే చెప్పవలెను: బేరియము విషమైనను, ఆ సల్ఫేటు నీటిలోగాని జఠరరసములోగాని కరగదు గాన రోగికి హాని లేదు, నీటిలో దానివలెనే కరగనట్లు కనబడు బేరియము కార్బొనేటు కడుపులోని ఆమ్లముతో కరగి ప్రాణము తీయును, ఎలుకల మందుగా వాడినది దానినే.

2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద, గ్రామమున కయిదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పి కిట్టు ఇచ్చు ఏర్పాటు చేసిరి. ఇది మెచ్చదగిన పని. నా అభ్యంతరమెల్ల ఒక్కటి: పరీక్ష చీటీపై అంకె యుండునుగాని, నీటి వేడిమి, కొలిచిన గడియ, బావికడనే చూచిన పి.హెచ్. యుండునట్లు పట్టుబట్టువారు లేరు. నమూనాను సీసాలో నింపి జిల్లాకేంద్రమునకు పంపినపుడు, మూత సందునుండియు సీసాలోని ఖాళీలోనికిని వాయువు లేచిపోయి, ఎండకు నీరు వేడెక్కి, దారిలోనే సున్నము సీసా గోడలకు అంటుకొనును. ప్రయోగశాలలోని నిపుణుఁడు నిజాయితీగా కొలిచినను, ఆతఁడు కొలుచునది బావినీరు కాదు.

కాబట్టి అధికారులు చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కిట్టుతోపాటు ఒక థర్మామీటరు ఇచ్చి, పి.హెచ్.ను బావి గట్టుననే చూచి వ్రాయుమని చెప్పి, సీసాను అంచువఱకు నింపి మూత బిగించుట నేర్పవలెను. వానకాలమునకు ముందొకసారి, వెనుక నొకసారి అదే బావిని అదే విధముగా కొలువవలెను. చీటీ తెలుగువారున్న ఊళ్ళలో తెలుగునను, మరాఠీవారున్న చోట మరాఠీలోను ఉండవలెను. సామాన్యులకు ఇన్ని గడులు అర్థము కావను నెపము చెల్లదు. పాలకేంద్రములో వెన్నశాతము గడిని చదివి ధర గూర్చి వాదించు పల్లెవారు, నీటి వేడిమి గడిని చదువలేరనుట వారిని తక్కువచేయుట. ఆసిఫాబాదు వైపు బావులకును కోర్పనా, జివతి వైపు బావులకును ఈ షరతులు ఒక్కటిగా నున్ననాఁడు, ఒకే రాతిపైనున్న రెండు రాష్ట్రముల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును; నేఁడు అట్లు పోల్చుటకు వీలు లేదు.