హార్మోనియములోని గాంధారము

ఆకాశవాణి 1940 మార్చి 1వ తేదీ నుండి హార్మోనియమును తన కేంద్రముల నుండి బహిష్కరించినది. 1971లో సడలించువరకు ఆ నిషేధము సాగినది. రవీంద్రుడు సైతము ఆ వాద్యమును నిరసించినవారిలో ఒకడు. నాడు లేవనెత్తిన ప్రశ్న సరియైనదే గాని, విధించిన శిక్ష సరికాదని మా అభిప్రాయము.

19వ శతాబ్దిలో ఐరోపా నుండి వచ్చిన ఈ వాద్యములో షడ్జము మొదలు తారషడ్జము వరకు గల స్థాయిని పన్నెండు సమభాగములుగా పంచినారు. మెట్టు మెట్టుకు కంపనసంఖ్య సుమారు 1.0595 రెట్లగును, పన్నెండవ మెట్టునకు సరిగా రెట్టింపగును. ఏ మెట్టును షడ్జముగా గైకొన్నను అంతరములు మారవు. పాట నడుమ ఆధారశ్రుతిని మార్చుకొను పాశ్చాత్యులకు ఇది గొప్ప సదుపాయము. ఒకే షడ్జమును నమ్ముకొని కచేరి నడపు మనకు ఆ అక్కర లేదు. మూల్యము మాత్రము మనమును చెల్లించుచున్నాము.

ఆ మూల్యమెంతో గణిత విద్యార్థులు లెక్కగట్టి చూడవచ్చును. షడ్జము సెకనుకు 240 కంపనములనుకొందము. శుద్ధ పంచమము ఒకటిన్నర రెట్లు, అనగా 360. సమవిభజనలో 359.6 వచ్చును; ఇది చెవికి దాదాపు తెలియని లోటు. అంతర గాంధారము ఒకటింబావు రెట్లు, అనగా 300 ఉండవలసియుండగా, హార్మోనియము 302.4 పలుకును. గాయకుడు 300 వద్ద నిలిచినచో ఆ రెండు నాదములు సెకనుకు రెండుమార్లకు పైగా పెనగులాడును. తంబురాలో మంద్ర షడ్జపు తంత్రిని మీటినచో శుద్ధ గాంధారము తనంతట తానే వినవచ్చును. ఇక ఒకే వేదికపై ఇద్దరు గాంధారులు!

అట్లని వెలివేయుట ఎట్లు? పౌరాణిక నాటకములలో మన పద్యమునకు ఊపిరి పోసినది ఈ పెట్టెయే. ఖవ్వాలీ గోష్ఠికి వెన్నెముకయు ఇదియే. పైగా దీని రీడులు సంస్కారమునకు లొంగనివి కావు. రీడు నాలుకను కొనయందు గీచినచో శ్రుతి హెచ్చును, మొదలున గీచినచో తగ్గును. గాయకుని షడ్జమునకు తగినట్లు శుద్ధ గాంధారమును పలికింపగల పనివారు నేటికిని ఉన్నారు. గమకమును ఏ రీడును పలికింపజాలదు. అది వేరు సంగతి.

మన కళాశాలలో గజళ్లు, లలితగీతములు అభ్యసించువారికి నేడు ఎలక్ట్రానిక్ కీబోర్డే గురువగుచున్నది. దానిని కొనవద్దని పాలకవర్గమును మేము కోరము. దానితోపాటు ఒక తంబురాను కూడ కొనవలెననియు, ప్రతి అభ్యాసమునందు మొదటి పావుగంట కీబోర్డును మూసియుంచవలెననియు మా మనవి.