దారిలో దిగినవాడు దొంగా?

అమెరికా విమాన కంపెనీలు కొన్నేళ్లుగా ఒక కొత్త నీతిశాస్త్రం వల్లిస్తున్నాయి. డల్లాస్ వంటి పెద్ద విమానాశ్రయంలో విమానం మారి మరో వూరికి పోయే టిక్కెట్టు, డల్లాస్ వరకే పోయే టిక్కెట్టు కంటే ఒక్కొక్కప్పుడు చవక. డల్లాస్‌లో పని వున్నవాడు యీ సంగతి పసిగట్టి, దూరపు టిక్కెట్టు కొని, అక్కడే దిగిపోతాడు. రెండో విమానంలో అతని సీటు ఖాళీగా పోతుంది. ఇది మోసమని కంపెనీల అభియోగం. మన మిత్రులు కొందరు కూడా తల వూపుతున్నారు, ఒప్పుకున్న షరతు షరతే కదా అని!

ఏమిటా మోసం? అతను కొన్నదానికి పూర్తిగా డబ్బు చెల్లించాడు. అందులో కొంతే వాడుకున్నాడు. నాలుగు ఇడ్లీలకు డబ్బిచ్చి రెండు తిని లేచిపోయినవాణ్ణి ఏ హోటలు యజమాని నిలదీస్తాడు? లుఫ్తాన్సా, తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్టులో దిగిపోయిన ఒక ప్రయాణీకుడి మీద రెండువేల యూరోలకు పైగా దావా వేసింది. బెర్లిన్ కోర్టు దాన్ని కొట్టివేసింది.

దూరం పెరిగినకొద్దీ కిలోమీటరు రేటు తగ్గడం మన రైళ్లలోనూ వుంది. కాని హైదరాబాదు నుంచి విజయవాడ టిక్కెట్టు కంటే, అదే బండిలో అదే తరగతిలో విశాఖపట్నం టిక్కెట్టు చవక కాదు. అక్కడ తలకిందులు కావడానికి కారణం గుత్తాధిపత్యం. 1978 దాకా అమెరికాలో ఛార్జీలు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ అదుపులో వుండేవి. (అది స్వర్ణయుగమేమీ కాదు. ఛార్జీలు ఎక్కువగానే వుండేవి.) ఆ యేటి చట్టంతో అదుపు సడలింది. పెద్ద కంపెనీలు తలా ఒక విమానాశ్రయాన్ని కోట చేసుకున్నాయి. కోటకే పోవలసినవాడికి వేరే దారి తక్కువ గనుక వాణ్ణి పిండుతారు. పోటీ వున్న ఆవలి వూరికి తగ్గిస్తారు. అంటే ధర కట్టేది ఖర్చును చూసి కాదు, మనిషి గత్యంతరం లేనితనాన్ని చూసి. ఇటువంటి లెక్క వేసినవారా ప్రయాణీకుడికి నిజాయితీ నేర్పేది!

అయితే దిగిపోయినవాడి చేతిలో ఎర్రజెండా పెట్టే కుర్రవాళ్ల ఉత్సాహమూ నాకు నవ్వే తెప్పిస్తున్నది. ఈ చిట్కా ఎవరికి పనికొస్తుంది? చేతిసంచీ తప్ప సామాను లేనివాడికి, ధరల పట్టీలు వెతికే తీరిక వున్నవాడికి. కూతురి పురుటికి గుంటూరు నుంచి రెండు పెట్టెల నిండా పచ్చళ్లు, పొడులు మోసుకుపోయే తల్లికి పనికిరాదు, ఆమె దిగినా పెట్టెలు దిగవు. పదిమందీ దిగడం మొదలుపెడితే కంపెనీ ఆవలి వూరి ధర పెంచుతుంది. ఆ వూరివాళ్లు చెల్లించుకుంటారు. కంపెనీ లెక్కలో కన్నం చూసినవాడు దొంగ కాడు, విప్లవకారుడూ కాడు. అందిన భోజనం అందలేదని ఫిర్యాదు చేసి డబ్బు వాపసు పుచ్చుకునేవాడి సంగతి మాత్రం వేరు. అది అబద్ధం. దాని దెబ్బ సైకిలు మీద భోజనం తెచ్చిన కుర్రవాడి మీద పడవచ్చు.

వాదించవలసింది ధర కట్టే అధికారం గురించి. అది విమానాల గొడవే అనుకోనక్కరలేదు. 2016 సెప్టెంబరులో మన రైల్వేశాఖ రాజధాని, శతాబ్ది, దురంతో బళ్లలో ప్రతి పదో వంతు సీట్లు అమ్ముడైనకొద్దీ మూలఛార్జీ పదిశాతం చొప్పున, యాభై శాతం దాకా పెంచే పద్ధతి ప్రవేశపెట్టింది. అది ప్రజల రైలు. దారిలో దిగినవాడి శీలాన్ని యింత శ్రద్ధగా విచారిస్తున్న మన మిత్రులు దానిమీద ఎన్ని సభలు పెట్టారు?